కొత్త ఆల్బమ్, పాత అలక

1999 సెప్టెంబర్ 21న ఇండస్ట్రియల్ రాక్ బృందం నైన్ ఇంచ్ నెయిల్స్ ఆల్బమ్ 'ది ఫ్రజైల్' అమెరికా దుకాణాల్లోకి వచ్చింది. రెండు డిస్కులు, 23 ట్రాకులు, గంటన్నర దాటిన సంగీతం. మొదటి వారం 2 లక్షల 28 వేల కాపీలు అమ్ముడుపోయి బిల్‌బోర్డ్ పట్టికలో నేరుగా ఒకటో స్థానానికి ఎక్కింది. రెండో వారానికే 16వ స్థానానికి దిగిపోయింది. ఐదేళ్లుగా ఎదురుచూస్తున్న అభిమానులు తొలివారంలోనే ఎగబడి కొనేశారు. కొన్నవాళ్లు ఇంకొకరి చేత కొనిపించే ఉత్సాహం మాత్రం చూపలేదు. చాలామందికి అది వాళ్లు కోరుకున్న ఆల్బమ్ కాదు. పాతికేళ్లు గడిచాక చూస్తే, ఈ బృందం చేసిన అన్నిటిలోకీ అదే గొప్పదని వాదించే అభిమానులకు కొదవ లేదు.

కొత్త ఆల్బమ్ రాగానే అభిమానులు రెండు జట్లుగా చీలిపోవడం ఏ సంగీతంలోనైనా ఉన్నదే. ఇండస్ట్రియల్ రాక్‌లో అది మరీ ఎక్కువ. ఈ సంగీతం తయారయ్యే తీరే అందుకు కారణం. ఇక్కడ బాణీ కన్నా శబ్దానికి పెద్దపీట. గిటార్‌ను కంప్యూటర్లో నలగ్గొట్టి రంపపు మోతగా మార్చడం, డ్రమ్ దెబ్బను ఫ్యాక్టరీ సమ్మెట దెబ్బలా వినిపించడం, గుసగుసగా ఉన్న గొంతును ఉన్నట్టుండి అరుపులోకి తోసెయ్యడం, వీటి మీదే పాట నిలబడుతుంది. బాణీ మారితే వినేవాళ్లు సర్దుకుంటారు. ఆ శబ్దమే మారిపోతే మాత్రం బాగా తెలిసిన మనిషి ముక్కూమొహం తెలియనట్టు మాట్లాడినంత కష్టంగా ఉంటుంది.

దీని మూలాలు 1970ల నడిమి బ్రిటన్‌లో ఉన్నాయి. త్రాబింగ్ గ్రిజిల్ అనే నలుగురి బృందం 1976లో ఇండస్ట్రియల్ రికార్డ్స్ పేరుతో సొంత కంపెనీ పెట్టుకుంది. టేపు ముక్కలు అతికించి, సింథసైజర్లను కీచుమనిపించి, వినేవాళ్లను ఇబ్బంది పెట్టడమే పనిగా పెట్టుకుంది. బెర్లిన్‌లో ఐన్‌స్టుర్జెండే నాయ్‌బౌటెన్ బృందం ఇనుప రేకులు, డ్రిల్లింగ్ మిషన్లు వేదికెక్కించింది. 1980ల్లో కెనడాలోని వాంకూవర్ నుంచి స్కిన్నీ పపీ, చికాగో నుంచి మినిస్ట్రీ వచ్చేసరికి ఈ రొదకు డాన్స్ క్లబ్బుల తాళమూ, ఆపైన మెటల్ గిటార్లూ తోడయ్యాయి. అప్పటి అభిమానులు కొద్దిమందే. రేడియోలో రాని సంగీతాన్ని వెతుక్కుని వింటున్నామన్న గర్వం వాళ్లకు ఉండేది. ఆ గర్వానికి పెద్ద దెబ్బ కొట్టినవాడు ట్రెంట్ రెజ్నర్.

రెజ్నర్ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఓ చిన్న ఊళ్లో పెరిగాడు. క్లీవ్‌లాండ్‌లో ఒక రికార్డింగ్ స్టూడియోలో ఊడ్చి తుడిచే పని దగ్గర్నుంచి చిల్లర పనులన్నీ చేస్తూ, ఎవరూ లేని వేళల్లో అక్కడి పరికరాలతోనే తన పాటలు రికార్డు చేసుకున్నాడు. నైన్ ఇంచ్ నెయిల్స్ పేరుకు బృందమే గానీ ఆల్బమ్‌ల వరకూ చాలా ఏళ్లు అతనొక్కడే. 1989లో వచ్చిన 'ప్రెట్టీ హేట్ మెషీన్'లో యంత్రాల మోత ఉంది, దాంతోపాటు పాడుకోడానికి వీలైన పల్లవులూ ఉన్నాయి. పాతకాపులు దాన్ని ముసుగేసుకున్న పాప్ సంగీతమన్నారు. రెజ్నర్‌కు అదొక పాఠమైందో, రికార్డు కంపెనీతో గొడవల కసే తీర్చుకున్నాడో గానీ, 1992 నాటి 'బ్రోకెన్' గిటార్ల హోరుతో చెవులకు చిల్లులు పొడిచింది. 1994లో 'ది డౌన్‌వర్డ్ స్పైరల్' వచ్చి రెండో స్థానంలో మొదలైంది, అమెరికాలోనే లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. ఆ ఆగస్టులో వుడ్‌స్టాక్ ఉత్సవంలో ఒళ్లంతా బురద పూసుకుని వేదికెక్కిన బృందాన్ని చూసి కొత్తగా చేరిన అభిమానుల్లో చాలామందికి మినిస్ట్రీ పేరు కూడా తెలియదు. అభిమానం చూపడంలో వాళ్లు ఎవరికీ తీసిపోలేదు, అసహనంలోనూ అంతే. 1995లో బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బౌవీతో కలిసి చేసిన పర్యటనలో నైన్ ఇంచ్ నెయిల్స్ పాటలు ముగిసి బౌవీ పాడటం మొదలవగానే వీళ్లలో ఎందరో లేచి బయటికి నడిచారు. రెజ్నర్‌కు గురువులాంటివాడు బౌవీ.

ఈ అభిమానుల చేతికే 'ది ఫ్రజైల్' వచ్చింది. వాళ్లు 'డౌన్‌వర్డ్ స్పైరల్' కోపాన్ని ఇంకో మోతాదు పెంచి ఇస్తాడనుకున్నారు. దొరికినవి పియానో, సెల్లో, మాటల్లేని వాద్య సంగీతం, ఒకదాంట్లోంచి మరొకదాంట్లోకి జారిపోయే పాటలు. పాడు చేసిన శబ్దాలు ఇక్కడా ఉన్నాయి, అయితే అవి విరుచుకుపడటానికి బదులు విరిగిపోతున్నట్టు వినిపిస్తాయి. విమర్శకులూ ఒక మాట మీద లేరు. స్పిన్ పత్రిక ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా దీన్నే ఎంచుకుంది. పిచ్‌ఫోర్క్ వెబ్‌సైటు పదికి రెండు మార్కులు వేసి సరిపెట్టింది. నిజానికి ఆల్బమ్ తప్పేమీ లేదు, ఒక్క వారంలో తేల్చేసే సరుకు కాదంతే. గంటన్నర పైచిలుకు సంగీతాన్ని వరసగా కూర్చుని వినడానికి ఓపిక కావాలి, ఒక్కో పాట తలకెక్కడానికి నెలలు పడుతుంది. కాలం గడిచేకొద్దీ దీని గురించి పొగడ్తలే పెరిగాయి. చివరికి 2016లో, మాటల్లేని రికార్డింగులూ ఎన్నడూ బయటికి రాని ముక్కలూ కలిపి 'ది ఫ్రజైల్: డీవియేషన్స్ 1' పేరుతో నాలుగు ఎల్పీల పెట్టె ప్రకటించారు. ఒకప్పుడు రెండు డిస్కులే ఎక్కువయ్యాయని విసుక్కున్న ఆల్బమ్ ఇది.

తరువాతి ఆల్బమ్ 'విత్ టీత్' 2005 మేలో వచ్చింది. ఈ మధ్యలో రెజ్నర్ తాగుడు, మాదకద్రవ్యాల నుంచి బయటపడ్డాడు. పాటలు పొట్టిగా, బిగుతుగా మారాయి. ఆల్బమ్ మళ్లీ ఒకటో స్థానం చేరింది, దాంతోపాటు అభిమానుల్లో ఒక క్రూరమైన గొణుగుడూ మొదలైంది: మనిషి బాగుపడ్డాడు, పాటలో నొప్పి తగ్గింది! కళాకారుడు కుమిలిపోతూ ఉంటేనే కళ పండుతుందన్న నమ్మకం ఏ దేశంలోనైనా వినేవాళ్లకు సులువే, ఆ కుములుడు వాళ్లది కాదు కదా.

అదే ఏడాది ఏప్రిల్లో ఒక చిన్న పని జరిగింది, తర్వాతి పదేళ్ల మీద దాని ప్రభావం చాలా ఉంది. రాబోయే ఆ ఆల్బమ్‌లోని 'ది హ్యాండ్ దట్ ఫీడ్స్' పాటను రెజ్నర్ డ్రమ్స్ వేరు, గిటార్ వేరు, గొంతు వేరు అన్నట్టు విడివిడి ట్రాకులుగా గరాజ్‌బ్యాండ్ అనే సంగీత సాఫ్ట్‌వేర్ ఫైలులో పెట్టి అభిమానులకు ఉచితంగా ఇచ్చేశాడు. యాపిల్ మ్యాక్ కంప్యూటర్ ఉన్న ఎవరైనా దాన్ని విప్పి మళ్లీ బిగించుకోవచ్చు. ఆల్బమ్ బాగుందా బాగాలేదా అనడం దగ్గరే ఆగిపోయిన అభిమానులకు ఇప్పుడు చేతికి పని దొరికింది.

ఈ పద్ధతి పతాక స్థాయికి చేరింది 2007లో, 'ఇయర్ జీరో' ఆల్బమ్‌తో. దాని కథ అప్పటికి పదిహేనేళ్ల తర్వాతి అమెరికాలో నడుస్తుంది. మత ఛాందసుల చేతిలోకి పోయిన ప్రభుత్వం తాగేనీళ్లలో మందు కలిపి జనాన్ని జోకొడుతుంటుంది. ఈ కథ గురించి ముందుగా ఎక్కడా ప్రకటన లేదు. ఫిబ్రవరిలో యూరప్ పర్యటన మొదలైనప్పుడు లిస్బన్‌లో అమ్మిన టీషర్టు వెనక ఊళ్ల పేర్లు, తేదీలు ఎప్పట్లాగే అచ్చయి ఉన్నాయి. వాటిలో కొన్ని అక్షరాలు మాత్రం కాస్త ముదురుగా కనిపించాయి. కొన్నవాళ్లలో ఎవరో అక్షరాలను ఏరి వరసలో పెడితే, తాను నమ్మడానికి ప్రయత్నిస్తున్నానన్న అర్థం వచ్చే ఒక వాక్యం వచ్చింది. ఆ వాక్యమే ఒక వెబ్‌సైటు చిరునామా. తెరిస్తే పారెపిన్ అనే మందు నీళ్లలో కలుస్తోందన్న హెచ్చరిక. అక్కడి నుంచి ఇంకో సైటు, దాన్నుంచి మరొకటి.

ఆ లిస్బన్ కచేరీ హాలు మరుగుదొడ్డిలోనే ఒక పెన్‌డ్రైవ్ దొరికింది. దాంట్లో ఇంకా విడుదల కాని 'మై వయొలెంట్ హార్ట్' పాట ఉంది. పాట అయిపోయాక కొన్ని క్షణాలు గరగరమనే రొద. మామూలు శ్రోత అయితే రికార్డింగ్ చెడిందనుకుని వదిలేసేవాడు. ఈ అభిమానులు ఆ రొదను సౌండ్ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మగా మార్చి చూశారు. ఆకాశంలోంచి కిందికి చాచిన ఓ పెద్ద చెయ్యి తెర మీద కనిపించింది. ఆల్బమ్ అట్ట మీద ఉండబోయేదీ అదే చెయ్యి. బార్సిలోనాలో, మాంచెస్టర్‌లో మరికొన్ని పెన్‌డ్రైవ్‌లు బయటపడ్డాయి. దొరికిన పాటలను అభిమానులు గంటల్లో ప్రపంచమంతా పంచేసుకుంటే, అమెరికా రికార్డు కంపెనీల సంఘం వాటిని తీసెయ్యమని సైట్లకు నోటీసులు పంపింది. పాటలను మరుగుదొడ్లో పెట్టించింది బృందమేనన్న సంగతి ఆ లాయర్లకు చేరినట్టు లేదు.

ఈ చిక్కుముళ్ల ఆటను 42 ఎంటర్‌టైన్‌మెంట్ అనే సంస్థతో కలిసి తయారుచేశారు. ప్రచారపు ఎత్తుగడ అన్నవాళ్ల మీద రెజ్నర్ చిరాకుపడ్డాడు, ఇదంతా ఆల్బమ్‌లో భాగమేనన్నాడు. ఏప్రిల్ నడుమ ఆల్బమ్ వచ్చాక కూడా ఆట ఆగలేదు. ప్లేయర్లో తిరిగి వేడెక్కిన డిస్కు నల్లరంగు పోయి తెల్లబడేది, ఆ తెలుపు మీద సున్నాలు, ఒకట్ల వరసలో ఇంకో చిరునామా తేలేది. లాస్ ఏంజెలెస్‌లో కొందరు అభిమానుల చేతికి సెల్‌ఫోన్లు అందాయి. ఏప్రిల్ 18న అవి మోగాయి. చెప్పిన చోటికి వెళ్లినవాళ్లను ఒక పాడుబడ్డ గోదాముకు తీసుకెళ్లారు. అక్కడ బృందం స్వయంగా వచ్చి వాయిస్తుండగా, కథలోని ప్రభుత్వ పోలీసుల వేషంలో సాయుధులు విరుచుకుపడి కచేరీని చెల్లాచెదురు చేశారు. రోజుల తరబడి చిక్కుముళ్లు విప్పినందుకు కొద్దిమందికి దక్కిన బహుమతి అది.

మొదటి వారం అమెరికాలో 1 లక్షా 87 వేల కాపీలు అమ్ముడుపోయి 'ఇయర్ జీరో' రెండో స్థానంలో నిలిచింది. అభిమానుల స్పందన మాత్రం ఆటలో దిగినవాళ్లదొకటి, డిస్కు కొని విన్నవాళ్లదొకటిగా విడిపోయింది. మొదటివాళ్లకు ప్రతి పాటా ఆ కథలో ఒక పాత్ర గొంతు. రెండోవాళ్లకు కంప్యూటర్ మీద కూర్చిన మోటు శబ్దాల గుట్ట, అక్కడక్కడ మంచి పాట. ఆటలోని చాలా అందం దాన్ని ఆడినన్నాళ్లే. తర్వాత వచ్చిన శ్రోతకు పాటలే మిగులుతాయి, అయినా వాటిలో చాలావరకూ ఒంటరిగానూ నిలబడతాయి.

ఆస్ట్రేలియా అభిమానుల ఫిర్యాదు సంగీతం గురించి కాదు, ధర గురించి. అక్కడ ఈ డిస్కు దాదాపు 35 ఆస్ట్రేలియన్ డాలర్లు. పక్కనే ఉన్న పాప్ గాయని అవ్రిల్ లవీన్ డిస్కు దాదాపు 22. ఎందుకిలా అని రెజ్నర్ అడిగితే, అసలైన అభిమానులు ఎంతైనా పెట్టి కొంటారు గనక అన్నది రికార్డు కంపెనీ మనుషుల జవాబట. అభిమానానికి పడిన జరిమానా అన్నమాట! ఆ సంగతి అతనే బయటపెట్టి, సెప్టెంబరులో సిడ్నీ కచేరీలో వేదిక మీదినుంచే తన పాటలు దొంగిలించి వినమని, స్నేహితులకూ ఇమ్మని చెప్పాడు. అక్టోబరుకల్లా కంపెనీతో ఒప్పందం ముగిసింది.

2008 మార్చి 2న పెద్దగా ముందస్తు హడావిడి లేకుండా 'గోస్ట్స్ 1–4' వచ్చింది. మాటల్లేని 36 వాద్య ముక్కలు. మొదటి తొమ్మిదీ ఉచితం, మొత్తం కావాలంటే 5 డాలర్లు, రెండు సీడీలు 10, ప్రత్యేక సంచిక 75, రెజ్నర్ సంతకంతో 2,500 మాత్రమే వేసిన పెద్ద పెట్టె 300 డాలర్లు. జనం తాకిడికి సైటు మొరాయించింది. 300 డాలర్ల పెట్టెలు మూడు రోజుల్లోపే ఖాళీ అయ్యి ఏడున్నర లక్షల డాలర్లు తెచ్చాయి. మొదటి వారం రాబడి 16 లక్షల డాలర్లు. కొన్నవాళ్లంతా 36 ముక్కలూ మళ్లీమళ్లీ విన్నారని చెప్పలేం. మధ్యవర్తి లేకుండా తమ డబ్బు నేరుగా సంగీతం చేసినవాళ్లకే చేరుతోందన్న సంతోషం ఆ కొనుగోళ్లలో చాలానే ఉంది. రెండు నెలలకే, మే 5న, 'ది స్లిప్' ఆల్బమ్ మొత్తాన్ని రెజ్నర్ ఉచితంగా ఇచ్చేశాడు. 2009 జనవరిలో కచేరీల ముడి వీడియో 400 గిగాబైట్లకు పైగా టారెంట్ల ద్వారా వదిలితే, అభిమానులు దేశదేశాల నుంచి జట్టుకట్టి దాన్ని కోసి, అతికించి, పూర్తి కచేరీ సినిమాగా తయారుచేసి మళ్లీ ఉచితంగానే పంచారు. ఒక ఆల్బమ్ పర్యటనకు ఇంతకన్నా కష్టపడి జవాబిచ్చిన అభిమానులు అరుదు.

ఇంత కలుపుగోలుతనం ఉన్నా పాత అలక పోలేదు. 2013 సెప్టెంబర్‌లో 'హెజిటేషన్ మార్క్స్' విడుదలకు ముందు 'ఎవ్రీథింగ్' అనే పాట వినిపించారు. గిటార్ హుషారుగా గంతులేస్తుంది, పల్లవి ఎండ కాసినట్టు ఉంటుంది. గట్టెక్కి బతికి బయటపడ్డ మనిషి పాట అది. అభిమానులు హతాశులయ్యారు. నైన్ ఇంచ్ నెయిల్స్ నుంచి ఎంత చీకటి శబ్దం వచ్చినా తట్టుకోగలరు, సంతోషాన్ని తట్టుకోలేకపోయారు. ఆల్బమ్ మొత్తం విన్నాక మాత్రం, దాని నడుమ ఆ పాట ఒక్కటే కిటికీలా తెరుచుకోవడం బాగుందన్నవాళ్లూ ఉన్నారు. విడి పాటగా ముందు వదలడమే దానికి జరిగిన అన్యాయం.

2018 జూన్‌లో వచ్చిన 'బ్యాడ్ విచ్' మీద జరిగిన గొడవ ఇంకా విచిత్రం. మొత్తం నిడివి అరగంట. అంతకుముందు వరసగా రెండు ఈపీలు (ఆల్బమ్ కన్నా పొట్టి రికార్డులు) వచ్చాయి గనక ఇదీ మూడో ఈపీ అనుకున్నారు, బృందం దీన్ని పూర్తి ఆల్బమ్ అంది. అరగంటకు ఆల్బమ్ పేరేమిటని అభిమానులు నిలదీశారు. స్ట్రీమింగ్ యాప్‌లలో ఈపీలను సింగిల్స్ కిందికి తోసేస్తారు, ఎవరి కంటా పడకుండా పోతాయి, అందుకే ఆల్బమ్ అన్నామని రెజ్నర్ దాపరికం లేకుండా చెప్పేశాడు. లోపల రెజ్నర్ స్వయంగా వాయించిన శాక్సోఫోన్, బౌవీని తలపించే గానం. 1995లో బౌవీ పాడుతుంటే లేచి వెళ్లిపోయిన తరం, ఇప్పుడు ఆ నీడ కనిపించినందుకే ఈ ఆల్బమ్‌ను మెచ్చుకుంది.

ఈ బృందానికి అనుకోని కొత్త శ్రోతలు మరో దారిలో వచ్చారు. రెజ్నర్, అతని సంగీత సహచరుడు ఆటికస్ రాస్ కలిసి 'ది సోషల్ నెట్‌వర్క్' సినిమాకు ఇచ్చిన సంగీతానికి 2011లో ఆస్కార్ వచ్చింది. అదే విభాగంలో ఆ ఏడాది '127 అవర్స్'తో పోటీపడ్డ ఎ.ఆర్. రెహమాన్‌కు అది దక్కలేదు, తెలుగు శ్రోతల్లో కొందరు రెజ్నర్ పేరు మొదట విన్నది అప్పుడే అయ్యుండొచ్చు. 2016లో రాస్ బృందంలో అధికారిక సభ్యుడయ్యాడు. 'గోస్ట్స్'లోని ఒక ముక్కను వాడుకుని అమెరికా ర్యాపర్ లిల్ నాస్ ఎక్స్ చేసిన 'ఓల్డ్ టౌన్ రోడ్' 2019లో 19 వారాలు ఒకటో స్థానంలో కూర్చుంది. మాటల్లేకుండా ఏం వింటామని 2008లో పక్కన పెట్టినవాళ్లకు పదకొండేళ్ల తర్వాత ఆ బాంజో మీటు పెళ్లిళ్లలో, పిల్లల ఫోన్లలో వినిపించింది. కరోనా మొదలైన 2020 మార్చిలో 'గోస్ట్స్' మరో రెండు భాగాలు ఉచితంగా వచ్చాయి. ఒకటి ఊరడింపుగా, మరొకటి దిగులుగా ఉంటాయి, ఏ రోజు ఏది పెట్టుకోవాలో వినేవాళ్లే తేల్చుకున్నారు.

2025 సెప్టెంబర్ 19న డిస్నీ సినిమా 'ట్రాన్: ఏరీస్' ఆల్బమ్ విడుదలైంది. ఇంతకాలం సినిమా సంగీతానికి రెజ్నర్, రాస్ సొంత పేర్లే పెట్టుకునేవాళ్లు. ఈసారి తొలిసారిగా నైన్ ఇంచ్ నెయిల్స్ అని వేశారు, వాద్య సంగీతం మధ్యలో రెజ్నర్ పాడిన పాటలూ ఉన్నాయి. 1989 నుంచీ ఈ బృందం అధికారిక విడుదలలకు 'హేలో' పేరుతో వరస సంఖ్య వేస్తూ వస్తోంది. 'ది ఫ్రజైల్'ది 14, 'ఇయర్ జీరో'ది 24. వాటిని ఆ వరసలోనే అరలో పేర్చుకునే అభిమానులకు, సినిమా కోసం చేసిన సంగీతాన్ని బృందం ఆల్బమ్‌ల సరసన పెట్టాలా, పక్క అరలో పెట్టాలా అన్నది తేలవలసిన తగాదా.